మూడోసారి అనేలోపు

ఇంకా రాలేదు. రాకపోతే బావుణ్ణు అనుకుంది చిన్నతల్లి, అనుకున్న వెంటనే నాలుక కరుచుకుంది. పడవలు రాకూడదని కోరుకునే ఆడది ఈ పేట మొత్తంలో ఉంటుందా, ఉంటే దాన్ని ఏం చెయ్యాలి, సముద్రంలో ఉన్నది పరాయివాళ్ళా, కూర్మయ్య, కూర్మయ్య తమ్ముళ్ళు, నిన్న సాయంత్రం అన్నం మూట కట్టించుకుని వెళ్ళిన మనుషులు. రావాలి తల్లీ, అందరూ చల్లగా రావాలి, కాని కాస్త నిదానంగా రావాలి, ఎండ పైకి వచ్చాక, లేకపోతే మధ్యాహ్నం, లేకపోతే రేపు. ఇసుక ఇంకా చల్లగా ఉంది. పిరుదుల కింద తడి చీరలోకి ఎక్కుతోంది. ఒళ్ళో అల్యూమినియం బేసిన్ ఉంది, దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత ఇప్పుడిప్పుడే తేలుతోంది, ఆ గీత మీద చుక్కలాంటిది కనపడితే చాలు బేసిన్ని ఇంకా దగ్గరకి లాక్కుంటోంది, తీరా చూస్తే కెరటం. అమ్మయ్య. మళ్ళీ చూడటం, మళ్ళీ లాక్కోవడం. పొద్దున తాగిన టీ గొంతు దాకా వచ్చి పోతోంది. కక్కుకుంటే ఎంత బావుణ్ణు, ఒంట్లో బాగాలేదని లేచి వెళ్ళిపోవచ్చు, కాని ఇంటికి వెళ్తే అక్కడ అత్త ఉంది.

ఈ ఒడ్డున తూకం లేదు, ధర రాసిన బోర్డు లేదు. చేపని టార్పాలిన్ మీద కుప్ప పోస్తారు, చుట్టూ ఆడవాళ్ళు నిలబడతారు, గంగులు వేలంపాట మొదలుపెడతాడు. కుప్పని కంటితో కొలిచి నోటితో ధర అనాలి. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. నిలబడే వాళ్ళలో ఎవరి చోటు వాళ్ళది, చిన్నతల్లి అత్త లక్ష్మణమ్మది గంగులికి ఎడమ పక్క, గాలికి వీపు పెట్టే చోటు, అక్కడ నుంచి ఏమన్నా ఆ మాట గాలితోపాటు నేరుగా గంగులి చెవిలోకే పోతుంది. లక్ష్మణమ్మకి ఆ చోటు వాళ్ళత్త ఇచ్చింది. దానికి పట్టా లేదు, కాగితం లేదు, అందులో నిలబడి పాడినంతకాలం మనది, పాడటం మానేస్తే ఎవరు పాడితే వాళ్ళది. లక్ష్మణమ్మ గొంతు సంగతి చెప్పాలా, ఆవిడ ఇంట్లో కోడిని అదిలిస్తే పక్క వీధిలో పిల్లలు లేచి కూర్చునేవారు. ఆ గొంతు కాస్తా ఈ చలికాలంలో ముందు బొంగురుపోయింది, తర్వాత చీలింది, తర్వాత అసలు లేకుండా పోయింది. శ్రీకాకుళంలో డాక్టరమ్మ లోపలికి గొట్టం పంపి చూసి, ఇన్నేళ్ళ అరుపుకి గొంతులో కాయలు కాశాయమ్మా, ఇంక అరిస్తే ఉన్నది కూడా పోతుంది అని గట్టిగా చెప్పింది. అత్త ఇప్పుడు గుసగుసలాడుతుంది. ఆ గుసగుసకే చిన్నతల్లికి ముచ్చెమటలు పడతాయి.

అప్పటినుంచీ ఆ చోటు ఖాళీ. చేపని రాజకుమారి దగ్గర మారుబేరానికి కొంటున్నారు, రాజకుమారి పాడి తీసుకున్న కుప్పలోంచి ఆవిడ వద్దనుకున్నవి, ఆవిడ చెప్పిన రేటుకి. పోనీ అలాగే గడుస్తుందిలే అని చిన్నతల్లి లోలోపల ఎంత సంతోషించిందో ఎవరికీ తెలియదు. సిగ్గుచేటు, అయినా సంతోషించింది. మొన్న ఆదివారం రాజకుమారి గుమ్మంలోకి వచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంటూ, ఎంత తియ్యగా అడిగిందో.

"వొదినా, నీ సోటు ఊరికే ఉన్నాది గదా. సుక్కురవారం నుంచి మా కోడలు గుంట నిలబడతాది. నువ్వేటనుకోకు."

ఇవాళ శుక్రవారం. రాజకుమారి అడిగి వెళ్ళిన పూటంతా అత్త గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆవిడ ఏడుస్తుందని చిన్నతల్లి ఎన్నడూ అనుకోలేదు, ఏడవలేదు కూడా, కాని అన్నం ముట్టుకోలేదు. చోటు పోతే ఏముంది, రొయ్యల కంపెనీ బస్సు ఉంది, తెల్లారగట్ల రోడ్డు మీద ఆగుతుంది, నీలం టోపీ పెట్టుకుని మంచు గదిలో రొయ్య వొలుచుకుంటూ నిలబడితే ఎవరూ మాట్లాడమనరు. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోతాయి, గోళ్ళు ఊడతాయి, అయినా నోరు తెరవక్కర్లేదు. వేటకి గుజరాత్ వెళ్ళిన దేవేంద్ర కూడా వెరావల్ నుంచి ఫోన్లో అదే అన్నాడు, నీకెందుకే అయన్నీ, బస్సెక్కు, నెలకి జీతం వస్తాది అని. మొగుడు ఆ మాట ప్రేమగానే అన్నాడు. అయినా ఎక్కడో చురుక్కుమంది, నువ్వు చెయ్యలేవులే అన్నది ఆ ప్రేమలోనే ఉంది కదా. అత్త మాత్రం ఇవాళ చీకటుండగానే లేపింది, బేసిన్ చేతికిచ్చింది, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"నువ్వు రావా అత్తా?"

"నాను రాను. నానొస్తే నా మొకం సూస్తావు. సూసినావంటే నీ నోరు రాదు. కుప్పని సూడు, మడుసుల్ని సూడకు. ఎల్లు."

మనుషుల్ని చూడకు. ఎలా చూడకుండా ఉండటం, వాళ్ళు చూస్తున్నారే. ఇప్పుడు కూడా అటు ఆ పడవ నీడన కూర్చున్న ఆడవాళ్ళు ఏదో అనుకుని నవ్వుతున్నారు, నన్ను చూసే, నన్ను చూసి కాకపోతే పొద్దున్నే ఎవరికి ఏం నవ్వొస్తుంది, ఆ సంగతే గుర్తు చేసుకుంటున్నారు. ఆ సంగతి. పెళ్ళయిన కొత్త, అత్తకి జ్వరం, నువ్వెళ్ళి ఒక్క కుప్ప పట్రా అంటే వచ్చింది. పాతపట్నం సంతలో మేనత్తతో ఎండుచేపలు అమ్ముతూ పెరిగిన పిల్ల, అక్కడ పాటలు లేవు, పోగు పెట్టి రేటు చెప్పడమే, కొంటే కొంటారు లేకపోతే లేదు. అయినా చూసింది కదా అత్త పాడుతుంటే, ఏముందిలే అనుకుంది. కానగంతల కుప్ప, తాజాగా మెరుస్తోంది, ఎనిమిదొందలు అంది. ఎవరూ పై మాట అనలేదు. గంగులు తనవైపే చూసి, ఒకటోసారి అన్నాడు. అందరూ తననే చూస్తున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు, ఆ నిశ్శబ్దం చెవుల్లో హోరుమంది, తప్పు చేశానేమో, తక్కువ అన్నానేమో, ఈయన నన్నే అడుగుతున్నాడు కదా, ఏదో ఒకటి అనకపోతే బావుండదు కదా. తొమ్మిదొందలు అంది. గంగులు నోరు తెరిచి ఉండిపోయాడు. తర్వాత ఒడ్డు ఒడ్డంతా పగలబడి నవ్వింది, వల దులుపుతున్న మగవాళ్ళు కూడా వల వదిలేసి నవ్వారు. తన పాట మీద తనే పాడుకుంది. అంత వింత ఈ ఒడ్డున అంతకుముందు జరగలేదట. పాట పాటే, తొమ్మిదొందలకే తెచ్చుకుంది, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలమీది బేసిన్ ముందుకు వంచుకుని ఇంటికి నడిచింది. దేవేంద్ర ఆ ఏడాదంతా అన్నం పెడుతుంటే, ఒక గరిటె అని, వెంటనే రెండు గరిటెలు అని తన పాట మీద తనే పెంచేసుకునేవాడు, నవ్వించడానికే. ఆమె నవ్వేది కూడా.

నవ్వేది గాని ఆ రోజు మూసుకున్న నోరు మళ్ళీ సరిగ్గా తెరుచుకోలేదు. ముందు మాట ఒడ్డున మాత్రమే పోయిందనుకుంది, తర్వాత చూస్తే అన్ని చోట్లా పోయింది. అరసవల్లి వీధుల్లో అత్త ముందు నడుస్తూ చేపలమ్మా అని కేక వేస్తే వెనకాల బేసిన్ మోయడం తన పని, అత్త ఎటైనా ఆగితే తను ఒంటరిగా నడిచిన నాలుగిళ్ళూ నోరెత్తకుండా దాటేసేది, చేపమ్మ వచ్చి వెళ్ళిందని ఆ ఇళ్ళవాళ్ళకి తెలిసేది కాదు. ఆదివారాలు ఆ వీధుల్లో సూర్యనారాయణమూర్తి రోజని చాలా ఇళ్ళల్లో నీచు ముట్టరు, ఆ ఒక్క రోజూ అటు వెళ్ళక్కర్లేదని శనివారం నుంచే ప్రాణం తేలికగా ఉండేది. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు కళ్ళముందే దాటిపోయేది. ఆపు బాబూ అన్న రెండు మాటలు గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయేవి, ఇంకెవరైనా ఆపమంటే వాళ్ళతోపాటు దిగి, అక్కడే పనున్నదానిలా ముందుకు నాలుగడుగులు వేసి, ఆటో వెళ్ళాక వెనక్కి నడిచేది. బట్టల కొట్లో ఆకుపచ్చ చీర చూపించమందామనుకుని వాడు తీసిన వంకాయ రంగుదే తెచ్చుకుంది, అది ఇప్పటికీ కట్టుకుంటూనే ఉంది, ఇవాళా అదే కట్టుకుంది. కూతురు సుహాసిని బడిలో తల్లిదండ్రుల్ని పిలిస్తే వెనక బెంచీలో కూర్చుని, మా అమ్మాయి ఎలా చదువుతోందండీ అని అడగడానికి ఇంటి దగ్గర నుంచి మనసులో అనుకుంటూ వెళ్ళిన మాటని అలాగే మళ్ళీ ఇంటికి తెచ్చుకుంది. భయం కూడా చిత్రమైనది, ఒకసారి చోటిస్తే ఇల్లంతా తనదే అంటుంది.

ఈ నాలుగు రోజులూ అత్త పెట్టిన బాధ ఇంతా అంతా కాదు. కూరల బజారుకి తీసుకెళ్ళి, తను దూరంగా నిలబడి, వంకాయలు బేరమాడి తెమ్మంది. చిన్నతల్లి వణుక్కుంటూ సగానికి అడిగితే వాడు తిట్టాడు, తిట్టించుకుని తిరిగొస్తే అత్త, సచ్చిపోనావేటి, పోలేదు గదా, మళ్ళీ ఎల్లు అని గుసగుసలాడింది. మళ్ళీ వెళ్తే ఇచ్చాడు. సాయంత్రం పూట ఒడ్డుకి తీసుకొచ్చి కెరటాల మొహాన అంకెలు అరవమంది. మొదటిరోజు తన కేక తనకే వినపడలేదు. రెండో రోజు వినపడి, ఇది నా గొంతేనా అని భయమేసింది. సుహాసిని ఫోన్లో ఒక వీడియో పెట్టి చూపించింది, అందులో కోటు తొడుక్కున్నాయన చేతులు ఊపుతూ, రోజూ అద్దం ముందు నిలబడి నేను చేయగలను అని చెప్పుకోండి అంటాడు. బొట్టుబిళ్ళలు అంటించి ఉన్న అద్దం ముందు నిలబడి చెప్పుకుంది. అద్దంలో మనిషి తనకంటే ఎక్కువ బెదిరిపోయి ఉంది, పాపం దానికెవరైనా ధైర్యం చెబితే బావుండుననిపించింది. ఆయన కోటు విప్పి ఇక్కడికొచ్చి ఒక్క కుప్ప పాడి చూపిస్తే అప్పుడు వింటాను ఆయన మాట. నిన్న ఆటోని తనే ఆపింది గాని. ఆపింది, నిజంగానే ఆపింది, బాబూ ఆపు అంటే ఆపేశాడు, అంతే, ఎవరూ తిరిగి చూడలేదు, ఇంత చిన్న సంగతికా ఇన్నేళ్ళు నడిచాను అని రోడ్డు మీద నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాని ఆటో వేరు. ఆటోలో చుట్టూ నిలబడి ఎవరూ మొహంలోకి చూడరు.

చుక్క. ఈసారి కెరటం కాదు. ఇంజను చప్పుడు గాలిలో వచ్చి పోయింది, మళ్ళీ వచ్చింది, అటు నీడలో ఆడవాళ్ళు లేచి చీరలు దులుపుకుంటున్నారు. లేవాలి. ఒకటే పడవ, గాలి తిరగడంతో మిగతావి పై ఒడ్డుకి పోయి ఉంటాయని ఎవరో అంటున్నారు, అంటే ఉన్నదే కొంచెం, అందరూ దానికోసమే. పారిపోవచ్చు. ఇప్పుడు కూడా పారిపోవచ్చు, ఇసుక దాటితే రోడ్డు, రోడ్డెక్కితే ఇల్లు, గుమ్మంలో అత్త, ఖాళీ బేసిన్ చూసి ఏమీ అనదు, అనడానికి గొంతు లేదు, మళ్ళీ గోడకేసి చూస్తూ కూర్చుంటుంది, ఇంక బతికినన్నాళ్ళూ అలాగే కూర్చుంటుంది. చిన్నతల్లి లేచింది. పరుగులాంటి నడకతో వెళ్ళి గంగులికి ఎడమ పక్కకి, గాలికి వీపు పెట్టి నిలబడింది. పడవ ఇసుక మీదికి ఎక్కింది, కూర్మయ్య వాళ్ళు తట్టలు దింపి మూడు కుప్పలుగా పోశారు. ఇంతలో భుజానికి భుజం తగిలింది, రాజకుమారి తన కోడల్ని ముందుకి నెడుతోంది, జరగవే, జరుగు అంటూ. ఆరునెలల కిందట పెళ్ళయిన పిల్ల, పేరు రాణి, మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది. ఒక్క మనిషి చోట్లో ఇద్దరు ఇరుక్కున్నారు. గంగులు ఇద్దర్నీ చూశాడు, ఎవరి నోరు ముందు లేస్తే వాళ్ళదే అన్నట్టు మొహం కుప్పలవైపు తిప్పుకున్నాడు.

మొదటి కుప్ప ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు, అంకెలు చెవుల పక్కనుంచి పిట్టల్లా ఎగిరిపోయాయి, మూడోసారి, రాజకుమారి పాట అని గంగులు కేక పెట్టాక గాని ఊపిరి తీసుకోలేదు. రెండో కుప్పకి అంది. అన్నాను అనుకుంది. నోరు కదిలింది, అంకె నాలుక మీదికి వచ్చింది, కాని ఎవరూ తిరిగి చూడలేదేం, గంగులు ఎవరి అంకెనో పట్టుకుని పైకి పోతున్నాడేం. అప్పుడు తెలిసింది, బయటికి రాలేదు. లోపలే అని లోపలే విన్నది. రెండో కుప్ప కూడా పోయింది. ఇంకొకటే ఉంది. ఇంకొకటే, ఇది కూడా పోతే అయిపోతుంది, ఏదో ఒకటి అయిపోతుంది, రేపట్నుంచి ఎవరూ నన్ను ఇక్కడికి పంపరు. ఆ ఆలోచన చల్లగా, హాయిగా తగిలింది. ఆ హాయిని చూసి వణికిపోయింది, ఇంత భయం ఇంతసేపట్లో మరి దేనికీ వెయ్యలేదు.

పక్కన రాజకుమారి కోడలి చెవిలో బుసలు కొడుతోంది, పాడవే, పాడు అని. రాణి పలకడం లేదు. భుజం తన భుజానికి ఆనుకుని ఉంది, వణుకుతోంది, ఇది నా వణుకా దాని వణుకా అని ఒక క్షణం తేడా తెలియలేదు. కుప్పని చూడు. పైన పెద్ద చందువలు పరిచారు, కింద పారలు, పక్కకి ఒరిగినచోట నెత్తళ్ళు కనపడుతున్నాయి, చందువలు అరసవల్లిలో ఆ డాబా ఇంటావిడ తీసుకుంటుంది, పారలు లాడ్జీల వెనక హోటలు వాళ్ళకి, నెత్తళ్ళు మిగిలితే ఎండేసుకోవచ్చు. అత్తయితే ఎంత అంటుంది. కాదు. నేనయితే ఎంత అంటాను.

"పదమూడొందలు!"

అది అరుపు కాదు, ఏదో చిరిగిన చప్పుడు. అవసరానికి మించి పెద్దగా వచ్చింది, మధ్యలో విరిగింది. అందరూ తిరిగారు. గంగులు కళ్ళు ఎత్తాడు. రాజకుమారి నోరు తెరవబోయి, ఆగింది. ఆగి, నెమ్మదిగా నవ్వింది, కోడలి ముందు చెయ్యి అడ్డం పెట్టింది. మిగతా ఆడవాళ్ళు కూడా ఎవరూ ఏమీ అనలేదు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని పెదాలు బిగించుకున్నారు. చిన్నతల్లికి అర్థమైంది, కాళ్ళకింద ఇసుక జారిపోయినట్టయింది. వీళ్ళు కావాలనే ఊరుకున్నారు. ఇది ఆగదు, మళ్ళీ తన మీద తనే పాడుకుంటుంది, చూద్దాం అని చూస్తున్నారు.

"ఒకటో... సారి," అన్నాడు గంగులు, బెల్లప్పాకంలా సాగదీసి.

నిశ్శబ్దం. అదే నిశ్శబ్దం, అదే హోరు. పద్నాలుగొందలు అన్న మాట నోటినిండా ఊరింది, పళ్ళవెనక నిలబడి తలుపు కొడుతోంది, తక్కువ అన్నావేమో, తప్పు అన్నావేమో, అంతమంది చూస్తుంటే ఏదో ఒకటి అనవేం, అనేస్తే అయిపోతుంది, అనేస్తే వీళ్ళు నవ్వేసి వదిలేస్తారు. అత్త నాలుగు రోజులూ పాడటమే నేర్పింది. వంకాయలవాడి దగ్గరా, ఆటోలోనూ, కెరటాల ముందూ నోరు తెరవడమే నేర్పింది. పాడిన తర్వాత ఊరుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, అది కష్టమని అత్తకి ఎన్నడూ తట్టి ఉండదు. చిన్నతల్లి బుగ్గ లోపలివైపు పళ్ళతో పట్టుకుంది. ఉప్పగా తగిలింది.

"రెండో సారి."

"ఏటే సిన్నతల్లీ, ఊరుకున్నావు?" రాజకుమారి గొంతు తేనెలా ఉంది. "ఇంకో వంద ఎయ్యవేటి? నీకలవాటే గదా."

నవ్వులు. ఆ రోజు నవ్వులే, ఏమీ మారలేదు, మొహం మండిపోతోంది, చెవులు మండిపోతున్నాయి, ఏడుపొస్తోంది. వస్తే రానీ. ఇక్కడే ఏడ్చేస్తాను గాని ఇంకో మాట అనను. కుప్ప ఖరీదు పదమూడొందలు. నవ్వినా అంతే, ఏడ్చినా అంతే, నేను చచ్చిపోయినా ఆ కుప్ప ఖరీదు అంతే. కొంగు ఎవరో లాగుతున్నట్టయింది, చూస్తే రాణి, తనకి తెలియకుండానే ఆమె కొంగు గుప్పిట పట్టుకుని ఉంది, ఆ పిల్ల నవ్వడం లేదు, కళ్ళార్పకుండా చిన్నతల్లి నోటివైపే చూస్తోంది. నవ్వులు కాసేపటికి వాటంతటవే పల్చబడ్డాయి. గంగులు ఇంకొంచెం చూశాడు, అందరి మొహాలూ చూశాడు, ఇంక సాగదియ్యడానికి ఏమీ మిగల్లేదు.

"మూడోసారి!" అని అరిచేసి, ఆ చోటువైపు చెయ్యి చూపించి, ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటైన మాటే అనేశాడు. "లచ్చనమ్మ పాట!"

అయిపోయింది. కుప్ప వచ్చింది, చోటు నిలిచింది, అత్త అన్నం తింటుంది. ఇంక వంగి చేపలు ఎత్తుకోవడమే. ఎవరూ ఆమెని ఇంకేమీ అడగలేదు, అనమనలేదు. గుండె మాత్రం ఇందాకటి కంటే గట్టిగా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఎందుకో తెలియలేదు, బేసిన్ చేతుల్లోంచి జారి ఇసుకలో పడింది, నోరు దానంతటదే తెరుచుకుంటోంది.

"మావా."

గంగులు తిరిగాడు. ఒడ్డంతా మళ్ళీ ఆమెవైపు చూసింది.

"లచ్చనమ్మ ఇంటికాడ ఉన్నాది," అంది, పళ్ళు టకటకలాడుతుండగా. "పాడినది నాను. నా పేరు సెప్పి కేకెయ్యి."